మొదటి పురుగు ఎక్కించే చెయ్యి

మా ఊర్లో పట్టు పురుగులు పండితే మొదటి పురుగును చంద్రిక మీద పెట్టే చెయ్యి నలభై ఏళ్ళ పాటు నాదే. ఈ మాట ఇప్పుడు చెబితే కుర్రవాళ్ళు నవ్వుతారు. ఎవరు పెడితే ఏమి, గూడు కట్టేది పురుగే కదా అంటారు. నవ్వనీ. వాళ్ళ తాతలు మా వాకిట్లో నిలబడి నన్ను పిలిచిన పిలుపు నాకింకా చెవుల్లో ఉంది.

కర్ణాటకలో చింతామణి నుంచి బాగేపల్లి పోయే దారిలో రోడ్డు దిగి కొంత దూరం నడిస్తే మా ఊరు. ఇంటింటా మల్బరీ తోట, తోట పక్కన పురుగుల షెడ్డు. పురుగు నాలుగుసార్లు మేత మానేసి తల పైకెత్తి కదలకుండా పడుకుంటుంది. పాత చర్మం విడిచి మళ్ళీ లేస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిన వారం రోజులకు పురుగు పండుతుంది. ఆకు ముట్టదు, ఒళ్ళు ద్రాక్షపండు మాదిరి తేటపడుతుంది. అప్పుడు ఒక్కొక్క పురుగునూ ఏరి చంద్రిక మీద వెయ్యాలి. వెదురు బద్దలను చుట్టలు చుట్టలుగా అల్లిన పెద్ద తడిక అది. ఆ ఒక్క రోజు తప్పితే పురుగు ఎక్కడుంటే అక్కడే, ఆకుల మధ్యా పుల్లల సందుల్లో, గూడు కట్టేస్తుంది. ఆ మురికి గూళ్ళను మార్కెట్లో ఎవరూ చేత్తో కూడా తాకరు.

అందుకే ఆ రోజు ఊరంతా ఒక షెడ్డులో ఉంటుంది. అందరికంటే ముందు నేను తలస్నానం చేసి పోయేవాణ్ణి. ఈశాన్యం మూలలో ఉన్న చంద్రిక దగ్గర నిలబడి, పురుగును ఎంచి, మెల్లగా దించేవాణ్ణి. ఎప్పుడూ ఈశాన్యం మూలే. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తర్వాతే మిగిలినవాళ్ళ చేతులు కదిలేవి. మధ్యాహ్నం మొదటి విస్తరి నాకే వేసేవారు. ఓళిగ, అదే బొబ్బట్టు, మీద నెయ్యి పోసేటప్పుడు ఆ ఇంటి ఆడమనిషి నేను చాలు అనేదాకా వంచిన గిన్నె ఎత్తేది కాదు.

నాకు మిగిలిన పొలం లేనట్టే లెక్క. బోరు ఎండి పదేళ్ళయింది. నేను బడికి పోయింది రెండేళ్ళే, అదీ కన్నడం బడి. తెలుగు అక్షరాలు కదిరి బస్సులో వచ్చే పాత పేపర్లు ముందర పెట్టుకుని నాకు నేనే కూడబలుక్కున్నాను. ఊర్లో నాకున్న గౌరవమంతా ఈ రెండే: పేపరు చదివి చెప్పే నోరు, మొదటి పురుగు పెట్టే చెయ్యి. రెండోది పోయింది. ఎట్లా పోయిందో రాయడానికే కూర్చున్నాను.

మూడేళ్ళ కిందట నా మరదలి షెడ్డులో పనికి ఒక బెంగాలీ మనిషి వచ్చాడు. మా తమ్ముడు పోయినప్పటి నుంచి ఆ మూడెకరాల తోట ఆమే చూసుకుంటుంది. ఆ మనిషి వెంట భార్య, చిన్న పాప. షెడ్డు పక్కన రేకుల గదిలో ఉండేవాళ్ళు. పాపను మా ఊరి బడిలో చేర్చారు. ఆయనకు నలభై లోపే ఉంటాయి. వాళ్ళ వైపు గంగ ఒడ్డున కూడా పట్టు పురుగులు పెంచుతారట. ఆకు ఎప్పుడు కోయాలో, షెడ్డులో తేమ ఎంత ఉండాలో ఎవరూ నేర్పకముందే తెలుసు. అదే నాకు మొదటి ముల్లు. మన పని మనకే వచ్చనుకున్నాను ఇన్నాళ్ళూ.

వచ్చిన ఏడాదే ఒక పంటకు నాకు చలిజ్వరం తగిలింది. మరదలు మా ఇంటి గడప దాకా వచ్చి, నా భార్యతో, "అక్కా, బావను లేపద్దు. పడుకోనీ. ఈసారికి ఆ బెంగాలాయన పెడతాడు. పురుగు నిలుస్తాదా ఏమి?" అనేసి పోయింది. ఆ పంట బాగా వచ్చింది. రామనగరం మార్కెట్లో ఆ గూళ్ళను చూసి పొగిడారట. రెండు నెలల తర్వాత మళ్ళీ పురుగు పండింది. నేను తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, అరుగు మీద కూర్చున్నాను. ఎండ అరుగు దాటింది. ఎవరూ రాలేదు.

నా భార్య లోపలి నుంచి, "ఇంగ రారు. లేసి అన్నం తిను," అంది.

"పని మీదుంటారు, వస్తారు."

"బెంగాలాయన పొద్దున్నే పెట్టేసినాడంట. నాకి నీళ్ళ కాడ చెప్పిరి."

తర్వాత పక్కింటివాళ్ళు పిలిచారు ఆయనను. తర్వాత పై వీధివాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఊరంతా ఆయన చెయ్యే మంచిదంది. ఓళిగల విస్తరి ముందు ఆ మనిషి మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని సిగ్గుపడుతూ కూర్చోవడం దారిన పోతూ ఒక ఇంటి కిటికీలోంచి ఒకసారి చూశాను. నెయ్యి పోస్తుంటే చాలమ్మా చాలమ్మా అంటున్నాడు. చాలు అనే రీతి కూడా నాదే ఎత్తుకున్నాడనిపించింది.

ఇట్లా ఉండగా ఎన్నికలొచ్చాయి. ఈసారి మా వైపు ఒకటే మాట: బయటోళ్ళు. కంకర క్వారీల్లో బయటోళ్ళు, కోళ్ళ ఫారాల్లో బయటోళ్ళు, చింతామణి టమాట మండీలో, చిక్కబళ్ళాపురం పూల తోటల్లో బయటోళ్ళు. దేశం దాటి వచ్చినవాళ్ళు వాళ్ళలో కలిసిపోయారని ఒక పక్షం, కూలీలు లేక చస్తుంటే ఇదేం గోలని ఇంకో పక్షం. టీ అంగడి ముందర పొద్దుటి నుంచి అదే రచ్చ.

"మన పిల్లోళ్ళకి క్వారీలో పని లేదు. అడిగితే హిందీ వస్తాదా అంటాడు మేస్త్రి. మన ఊర్లో మనకి హిందీ కావల్లనా?" అని ఒకాయన.

"నీ కొడుకు సుత్తి పట్టింటే కదప్పా పని లేదనేకి! ఫోను పట్టేకే వానికి చెయ్యి నొస్తాది," అని టీ పోసే ఆమె.

అందరూ నవ్వారు. ఒక అభ్యర్థి కరపత్రం అప్పుడే పంచిపోయారు. చదివి చెప్పమని నా చేతికిచ్చారు. అందులో ఇచ్చిన మాటల్లో మూడోది ఇది. గెలిచిన ఆరు నెలల్లో కాగితాలు లేని బయటివాళ్ళందరినీ ఏరి పంపిస్తామని. నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వినేవాళ్ళ కోసం కాదు. చదువుతుంటే నా కళ్ళ ముందర ఒక్క మనిషే ఉన్నాడు, మోకాళ్ళు ముడుచుకుని విస్తరి ముందర.

ఆ అభ్యర్థే గెలిచాడు. నేను ఓటు వేసింది ఆయనకే. కరపత్రం మడిచి ట్రంకు పెట్టెలో పెట్టాను. ఆరు నెలలు పోయాయి, ఎనిమిది పోయాయి. బయటివాళ్ళ మాట ఎత్తేవాడే లేడు. క్వారీలవాళ్ళే ఆయన పక్కన కార్లో తిరుగుతున్నారు. నాకు ఊహ తెలిసిన తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికా నాకు గుర్తుంది. చెరువుకు నీళ్ళు తెస్తామన్నవాడు, రైలు తెస్తామన్నవాడు, ఎవరు ఏ అరుగు మీద నిలబడి ఏం చెప్పారో ఇప్పుడడిగినా చెబుతాను. చెప్పింది చెయ్యనివాడి మీద నాకు కోపం చిన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పుడూ ఉంది. అది అబద్ధం కాదు. ఆ కోపం లోపల ఇంకోటి దాక్కుని ఉండింది, అంతే.

పక్క ఊరి హైస్కూలు మైదానంలో జనసంపర్క సభ పెట్టారు. జనం అర్జీలు ఇస్తే ఎమ్మెల్యే, అధికారులు అక్కడికక్కడే జవాబు చెబుతారని. నేను కరపత్రం పట్టుకుని నిలబడ్డాను. మైకు అందించారు.

"ఈ కాగితం మీదేనా సార్?"

"మాదే అప్పా. నా ఫోటో ఉండాది కదా, నీ ఫోటో అయితే కాదు," అన్నాడు ఎమ్మెల్యే. జనం నవ్వారు.

"మూడో మాట చదువుతా వినండి," అని చదివాను. "ఎనిమిది నెలలాయ. ఎంతమందిని పంపిస్తిరి? పంపకుంటే ఎందుకు పంపలేదో చెప్పండి. ఆ మాట తప్పని మీకే తెలిసింటే, తప్పు చెప్పినామని ఈడనే, ఇంతమంది ముందరే ఒప్పుకోండి. ఓటు అడిగినపుడు మైకు ఉండాది, ఇప్పుడూ ఉండాది."

చప్పట్లు కొట్టారు. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ చప్పట్లు నాకు ఎంత తియ్యగా ఉన్నాయో దాచను. చెయ్యి పోయినా నోరు ఉందనుకున్నాను.

ఎమ్మెల్యే మెల్లగా లేచాడు. "పెద్దాయనా, నీ మాదిరి అడిగేవాళ్ళు ఊరికొకరు ఉండల్ల. సరే, నేను పంపల్లంటే నాకి తెలియల్ల కదా? మీ ఊర్లో ఉండారా అట్లాంటోళ్ళు?"

"ఉండారు."

"యాడ? ఎవరింట్లో? గాల్లో చెప్తే ఎట్లప్పా?"

అక్కడ ఆగి ఉండొచ్చు. నేను అడిగింది వేరే, నువ్వు అడుగుతున్నది వేరే అని ఉండొచ్చు. ప్రశ్న ఆయనది కాదు, నాది. జవాబు చెప్పవలసింది ఆయన. ఇంత పేపరు చదివినవాణ్ణి, ఆ మెలిక నాకు తెలియకనా? మైకు మూతికి దగ్గరగా పెట్టుకుని, "నా మరదలి షెడ్డులో," అన్నాను.

ఎమ్మెల్యే పక్కనున్న అధికారి వైపు తిరిగి, ఈ పెద్దాయన ఫిర్యాదు మీద చర్య తీసుకోండి అని కన్నడంలో చెప్పి కూర్చున్నాడు. ఒక్క వాక్యంతో ఆయన మూడో మాట నా మెడకు చుట్టాడు. మర్నాడు కన్నడ పేపర్లో నా ఫోటో వచ్చింది. నేను దాన్ని కత్తిరించి దాచుకున్నాను కూడా.

రెండు రోజులకు షెడ్డు దగ్గరకు ఇద్దరు ఆఫీసువాళ్ళు వచ్చి కాగితాలు అడిగారు. బెంగాలీ ఆయన ఆధార్ కార్డు, ఓటు కార్డు చూపించాడు. వాటిలో ఉన్న ఊరికి వీళ్ళు ఫోను చేశారు. అట్లాంటి ఊరు ఇప్పుడు లేదని అవతలివాళ్ళు చెప్పారట. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన కొద్ది తెలుగులో, "ఊరు ఉండె సార్. నది తినేసింది. నా తోట, ఇల్లు, బడి, అంతా నదిలో," అన్నాడు. ఆ ఊరు ఉండేదని సాక్ష్యం తెచ్చేదాకా వారం వారం చిక్కబళ్ళాపురం వచ్చి కనబడాలన్నారు.

నేను అరుగు మీద కూర్చునే ఇదంతా వచ్చేపోయేవాళ్ళ నోట విన్నాను. ఆయన రెండు వారాలు పోయాడు. పనిరోజు పోయె, బస్సు చార్జీ పోయె. బడిలో పాపను తోటి పిల్లలు ఏమో అన్నారట. మూడో వారం పొద్దున్నే మూటలు ఆటోలో వేసుకుని ముగ్గురూ వెళ్ళిపోయారు. నా అరుగు ముందర నుంచే ఆటో పోయింది. ఆయన నాకు తల వంచి దండం పెట్టాడు. వేళాకోళం కాదు, రోజూ పెట్టేదే. నా కడుపు చల్లబడింది. ఇది కూడా రాయాలి.

ఆ చల్లదనం రెండు రోజులే. షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం దాటి అప్పటికి ఆరు రోజులు. ఊర్లో ఇంకో రెండు షెడ్లలో ఉన్న బయటి కూలీలు కూడా, తమ వంతు ఎప్పుడొస్తుందోనని, చెప్పకుండా జారుకున్నారు. పురుగు పండిన రోజు పొద్దున మరదలు మా ఇంటికి వచ్చింది. ఆమె నాతో ఎప్పుడూ తలుపు చాటున నిలబడి, నా భార్యకు చెప్పినట్టుగా మాట్లాడేది. ఆ రోజు నా ఎదురుగా నిలబడి నా ముఖం చూసి మాట్లాడింది.

"బావా, స్నానం చేసి రా. నీ చెయ్యి కావల్ల."

"నా చెయ్యా?"

"నీదే. దానికోసరమే కదా ఆ మైకు పట్టింది. రా, పెడుదువు."

ఇంత మందిలో ఈమెకు ఒక్కదానికే తెలిసిపోయిందే అని తల దించుకున్నాను. పోయాను. ఈశాన్యం మూలలో చంద్రిక నిలబెట్టి ఉంది. మిగిలిన షెడ్లలోనూ ఆ రోజే పురుగు పండింది, ఎవరి పనికి వాళ్ళ చేతులే చాలలేదు. మా షెడ్డులో నలుగురంటే నలుగురు మనుషులు. తేటగా ఉన్న పురుగును ఎంచి పట్టుకున్నాను.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. నా వేళ్ళ కొనలు మొద్దుబారి చాలా కాలమైంది. అంగీ గుండీ పెట్టుకోవాలంటే కళ్ళతో చూసుకోవాలి. పురుగును ఎంత గట్టిగా పట్టుకున్నానో వేళ్ళు నాకు చెప్పలేదు. చంద్రిక మీద దించి చెయ్యి తీస్తే, పురుగు పొట్ట పగిలి, పసుపుపచ్చని నీరు నా వేలి మీదుగా కారుతోంది.

మరదలు చెంగుతో చంద్రిక తుడిచి, చచ్చిన పురుగును తీసుకుని బయట పారేసి వచ్చింది. తర్వాత ఏరడం మొదలుపెట్టాం. నలుగురి చేతులతో ఎంతని ఏరుతారు? సగానికి సగం ఆకుల్లోనే గూళ్ళు కట్టాయి.

మర్నాడు నేను ఎమ్మెల్యే ఆఫీసుకు పోయాను. ఫిర్యాదు వాపసు తీసుకుంటానన్నాను. అక్కడి పిఏ కుర్చీ చూపించాడు.

"ఊరికే వాపసంటే అయితాదా తాతా? కారణం రాయల్ల."

తెల్ల కాగితం ముందర పెట్టుకున్నాను. మైకులో ఆయనను అడిగింది గుర్తొచ్చింది. తప్పు చెప్పి ఉంటే తప్పని ఇంతమంది ముందర ఒప్పుకోండి అని. నాకు వచ్చిన కన్నడంలో రాశాను. ఆ మనిషి మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఆయన చెయ్యి నా చెయ్యికంటే మంచిదైంది, అది ఓర్వలేక సభలో చెప్పాను, తప్పు నాదే అని.

పిఏ చదివి పకపకా నవ్వాడు. "ఇట్లాంటిది ఫైల్లో పెట్టేకి కాదు తాతా! తెలియక చెప్పినానని రాయి, చాలు."

"తెలిసే చెప్పినా."

"నీకెందుకప్పా అంత రోషం?"

"రోషం కాదు. మీ సారు కరపత్రం కూడా తెలిసే రాసింది కదా. ఒకరన్నా నిజం రాద్దాం, పెట్టు ఫైల్లో."

ఆటో వాళ్ళను చింతామణిలో దించిందని విని ఉన్నాను, అక్కడి నుంచి అక్కడికే పోయాను. టమాట మండీలో ట్రేలు ఎత్తుతున్నాడు బెంగాలీ ఆయన. నన్ను చూసి ట్రే దించి పరుగున వచ్చాడు, ఊర్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. లారీ నీడలో కూర్చోబెట్టి టీ తెప్పించాడు. కాగితంలో ఏం రాశానో చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అప్పా, నాకి ఎరుక. మొదటి సారి షెడ్డు అమ్మ నాతో చెప్పె. బావకి వేళ్ళు పట్టలేదు, రెండు పంటలు పురుగు నలిపేసె, నేను దొంగగా తీసి పారేస్తిని. చెప్తే బాధపడతాడు. నువ్వు పెట్టు. జ్వరం వచ్చె కదా, అదే సాకు చెప్తా, అనె."

రెండు పంటలు. ఆమెకు ముందే తెలుసు. నా పరువు కోసం రెండేళ్ళు నోరు మూసుకుంది. ఆ నోటిని నేను మైకుతో కొట్టాను. అప్పుడు నాకు సిగ్గు రావలసింది. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు ఇంకోటి వచ్చింది: ఇంత గుట్టు ఆమె నాతో చెప్పకుండా ఈ పరాయివాడితో చెప్పుకుందే అని. వయసుతో అన్నీ మొద్దుబారతాయి, ఇది మాత్రం మొద్దుబారదు.

తర్వాతి సభలో మళ్ళీ మైకు అడిగాను. వాపసు కాగితంలో నేను రాసిందే జనం ముందర చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "నా వంతు అయిపోయె సార్. మూడో మాట సంగతి మీరు చెప్పండి," అన్నాను. ఎమ్మెల్యే వేదిక దిగి వచ్చి, ఇట్లాంటి నిజాయితీపరులు అరుదంటూ నా భుజం మీద శాలువా కప్పాడు. ఫోటో తీశారు. శాలువా సర్దుకునేలోపు మైకు వేరేవాళ్ళ చేతికి పోయింది. జవాబు నాకింకా రాలేదు. ప్రతి సభకూ పోతున్నాను, కరపత్రం జేబులోనే ఉంది.

నా కాగితం వల్ల అయిందో లేదో తెలియదు గానీ, అట్లాంటి ఊరు ఉండేదని, నది కోసుకుపోయిందని ఆ జిల్లా నుంచి ఉత్తరం వచ్చాక ఫైలు మూసేశారట. వానాకాలం పంటకు మరదలు ఫోను చేసి పిలిస్తే ఆయన వచ్చాడు. ఒక్కడే. భార్యా పాపా చింతామణిలోనే ఉండిపోయారు. ఆ ఊరు మళ్ళీ వద్దని ఆయన భార్య అందట. రేకుల గది తలుపుకు ఇప్పుడు కూడా తాళమే. ఆయన షెడ్డులో పడుకుంటాడు.

పురుగు పండిన రోజు మరదలు నన్నూ పిలిచింది, మళ్ళీ తలుపు చాటు నుంచే. చంద్రికలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నా దగ్గర ఆగాడు.

"అప్పా, నువ్వు ఎప్పుడూ యాడ నుంచి మొదలు పెడ్తావు? చెప్పు, నేను అట్లనే పెడ్తా."

నా చూపు ఈశాన్యం మూలకు పోయింది. వెంటనే వెనక్కి లాక్కున్నాను.

"ఏ మూలైనా ఒకటే అప్పా," అన్నాను.

ఆయన తలుపు పక్కనున్న చంద్రిక దగ్గరకు పోయి, పురుగును మూడు వేళ్ళతో ఎత్తి, పసిబిడ్డను ఉయ్యాలలో వేసినట్టు దించాడు. పురుగు తల ఎత్తి అటూ ఇటూ చూసి దారం తీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మా ఇద్దరికీ పక్కపక్కనే విస్తళ్ళు వేశారు. నెయ్యి ముందర ఎవరికి పోస్తుందా అని నేను మరదలి చేతినే చూస్తూ కూర్చున్నాను.